వాల్యూమ్ కంట్రోలు ఎందుకు గరగరలాడుతుంది?

బడి వార్షికోత్సవం జరుగుతూ ఉంటుంది. మైకు ముందు నిలబడి ఒక విద్యార్థి పద్యం చదువుతూ ఉంటాడు. వెనుక వరుసలవారికి వినబడడం లేదని యాంప్లిఫైయరు దగ్గర కూర్చున్న ఉపాధ్యాయుడు వాల్యూమ్ నాబ్‌ను కొద్దిగా తిప్పుతాడు. వెంటనే లౌడ్‌స్పీకర్లనుండి గరగరమని పెద్ద చప్పుడు వెలువడి పద్యాన్ని మింగివేస్తుంది. మరికొంచెం తిప్పితే ధ్వని పూర్తిగా ఆగిపోతుంది. పెట్టెపై చేతితో ఒక దెబ్బ వేస్తే తిరిగి వస్తుంది. మరునాడు ఆ పెట్టె మరమ్మతు దుకాణానికి పోతుంది. కంట్రోలు అరిగిపోయిందని చెప్పి మెకానిక్కు కొత్తది వేస్తాడు. ఒక్కొక్కప్పుడు దానితో పీడ విరగడవుతుంది. ఒక్కొక్కప్పుడు కొత్త కంట్రోలు కూడా మొదటి రోజునుండే గరగరలాడుతుంది.

కొత్త వస్తువు అరగలేదు గదా! మరి చప్పుడు ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే నష్టం చిన్నది కాదు. రికార్డింగు స్టూడియోలలోను, రేడియో కేంద్రాలలోను వాడే మిక్సరులో ఒక్కొక్క మైకు మార్గానికి పన్నెండు కంట్రోళ్ళు ఉన్నవనుకొంటే, 24 మార్గాల మిక్సరులో 288 కంట్రోళ్ళు ఉంటాయి. కారణం తెలుసుకొనకుండా అన్నింటిని మార్చబూనితే డబ్బు, శ్రమ రెండూ వృథా అవుతాయి. జవాబు మాత్రం కళాశాల ప్రయోగశాలలో ప్రతి విద్యార్థి చేసే ఒక ప్రయోగంలోనే ఉన్నది.

ప్రయోగశాలలోని తీగ, యాంప్లిఫైయరులోని పట్టీ

రెండు ఘటాల విద్యుచ్చాలక బలాలను పోల్చడానికి ప్రయోగశాలలో పొటెన్షియోమీటరును వాడుతారు. ఒక పలకపై బిగించిన పొడవైన తీగ గుండా నిలకడైన విద్యుత్ ప్రవాహాన్ని పంపి, తీగపై జాకీని జరుపుతూ గాల్వనామీటరు ముల్లు సున్నపై నిలిచే చోటును గుర్తిస్తారు. ఈ పద్ధతికి ఆద్యుడు జర్మన్ భౌతిక శాస్త్రవేత్త యోహాన్ క్రిస్టియన్ పోగెన్‌డార్ఫ్. ఆయన దానిని 1841లో వివరించాడు.

వాల్యూమ్ కంట్రోలు పేరు కూడా పొటెన్షియోమీటరే. పేరేకాదు, నిర్మాణం కూడా అదే. పొడవైన తీగకు బదులు గుర్రపు లాడం ఆకారంలో వంగిన ఒక నిరోధపు పట్టీ ఉంటుంది. జాకీకి బదులు ఇరుసుతో పాటు తిరిగే ఒక స్ప్రింగు లోహపు రేకు ఆ పట్టీని ఒరుసుకొంటూ జరుగుతుంది. దీనిని వైపరు అంటారు. పట్టీ రెండు కొనలకు రెండు, వైపరుకు ఒకటి, మొత్తం మూడు కాళ్ళు బయటకు కనబడుతాయి. మిక్సరుపై పైకీ క్రిందికీ జరిపే ఫేడరులో పట్టీ వంగి ఉండక నిటారుగా ఉంటుంది; తేడా అంతే.

ధ్వని సంకేతపు వోల్టేజిని పట్టీ రెండు కొనలకు కలుపుతారు. వైపరు పట్టీని రెండు భాగాలుగా విడదీస్తుంది. క్రింది భాగపు నిరోధం మొత్తం నిరోధంలో ఎన్నవ వంతో, అన్నవ వంతు వోల్టేజి వైపరునుండి తరువాతి దశకు పోతుంది. 10,000 ఓమ్‌ల పట్టీలో వైపరు క్రింద 2,500 ఓమ్‌లు ఉంటే, వచ్చిన సంకేతంలో నాలుగవ వంతు మాత్రమే ముందుకు సాగుతుంది.

చెవి లెక్క వేరు

పట్టీ పొడవునా నిరోధం సమానంగా పెరిగితే దానిని సరళ కంట్రోలు అంటారు. అటువంటి దానిని సగానికి తిప్పితే వోల్టేజి సగమవుతుంది. కాని చెవికి ధ్వని సగమైనట్లు తోచదు. వోల్టేజి సగమైతే తగ్గుదల 6 డెసిబెళ్ళు; వినేవారికి ధ్వని సగమైనట్లు తోచడానికి దాదాపు 10 డెసిబెళ్ళు తగ్గవలెను. జ్ఞానేంద్రియాల అనుభూతి ఉద్దీపనకు సంవర్గమానంగా పెరుగుతుందని గుస్టాఫ్ ఫెఖ్నర్ 1860లో ప్రకటించిన సూత్రం ఇక్కడ స్థూలంగా వర్తిస్తుంది. సరళ కంట్రోలును వాల్యూమ్‌కు వాడితే మార్పు అంతా మొదటి కొద్దిపాటి తిప్పుడులోనే జరిగిపోయి, మిగిలిన తిరుగుడులో పెద్దగా తేడా తెలియదు.

అందుచేత వాల్యూమ్‌కు సంవర్గమాన కంట్రోళ్ళను చేస్తారు. సగం తిప్పినప్పుడు వైపరు క్రింద ఉండేది మొత్తం నిరోధంలో 10 నుండి 15 శాతం మాత్రమే. పదవ వంతు వోల్టేజి అంటే 20 డెసిబెళ్ళ తగ్గుదల. చాలా కంట్రోళ్ళలో ఈ వంపును ఒక్క పూతతో సాధించరు. వేర్వేరు నిరోధాలు గల రెండు పూతలను ఒకదాని కొన మరొకదానిపై వచ్చేటట్లు వేస్తారు. ఈ విషయం మరమ్మతులో మళ్ళీ అవసరమవుతుంది.

అరుగుదల ఎక్కడ?

సాధారణ కంట్రోలులో నిరోధపు పట్టీ అంటే గట్టి అట్టపై వేసిన కర్బనపు పూత. దాని మందం తలవెంట్రుక మందంకంటె తక్కువ. వైపరు దానిని ఒరుసుకొన్నప్పుడల్లా కొంత కర్బనం పొడిగా రాలుతుంది. ఆ పొడి, గాలిలోని దుమ్ము, పాతబడి జిగురుగా మారిన గ్రీజు కలిసి వైపరు క్రిందికి చేరుతాయి. చెమ్మవలన లోహపు భాగాలపై ఆక్సైడు పొర ఏర్పడుతుంది. వెండి పూత ఉన్నచోట గాలిలోని గంధక వాయువులు నల్లని సల్ఫైడును కలిగిస్తాయి. వీటన్నిటివలన వైపరుకు పట్టీకి మధ్య ఉండే నిరోధం నిలకడ లేకుండా ఎగిరి పడుతుంది. దీనికే స్పర్శ నిరోధమని పేరు.

పాత ఇంటి మెట్టు మధ్యలోనే అరుగుతుంది. అంచులు కొత్తవాటివలెనే ఉంటాయి. ఫేడరు కూడా అంతే. దానిని ఎక్కువగా వాడే చోట పట్టీ అరిగి ఉంటుంది, కొనల దగ్గర చెక్కుచెదరకుండా ఉంటుంది. మామూలు కర్బన కంట్రోళ్ళు చాలావరకు పదివేల తిప్పుళ్ళు, ఆ పైన కొంతవరకు మన్నేటట్లు తయారవుతాయి. ఇంటి రేడియోకు అది జీవితకాలం. రోజుకు వందసార్లు జరిపే ఫేడరుకు అది వంద రోజులు. అందువలననే వృత్తిపరమైన మిక్సర్లలో విద్యుద్వాహక ప్లాస్టిక్ పట్టీలు గల ఫేడర్లను వాడుతారు. వాటి నునుపైన తలంపై వైపరు లక్షలసార్లు జరిగినా అరుగుదల స్వల్పం. ధర మాత్రం అనేక రెట్లు ఎక్కువ.

వైపరు గుండా ఎంత ప్రవాహం?

ఇప్పుడు ప్రయోగశాలకు మళ్ళీ పోవలెను. జాకీ కొన తుప్పు పట్టి, తీగపై దాని స్పర్శ నిరోధం పది ఓమ్‌లున్నా, వంద ఓమ్‌లున్నా సంతులన స్థానం మారదు. కారణం? ఆ స్థానంలో జాకీ గుండా ప్రవాహం లేదు. ప్రవాహమే లేనప్పుడు, ఓమ్ నియమం ప్రకారం, ఆ నిరోధంపై వోల్టేజి పతనం కూడా లేదు. పొటెన్షియోమీటరు గొప్పతనమంతా ఇందులోనే ఉన్నది.

వాల్యూమ్ కంట్రోలుకు కూడా ఇదే న్యాయం. తరువాతి దశ నిరోధం పది లక్షల ఓమ్‌లనుకొందాం. వైపరు క్రింద మురికి చేరి 1,000 ఓమ్‌ల స్పర్శ నిరోధం వచ్చినా సంకేతంలో తేడా వెయ్యవ వంతే. ఏ చెవీ దానిని పట్టుకోలేదు. తరువాతి దశ నిరోధం 10,000 ఓమ్‌లే అయితే, అదే మురికి సంకేతాన్ని 9 శాతం తగ్గిస్తుంది. ఎగిరి పడే ఆ 9 శాతం గరగరగా వినబడుతుంది. అనగా మురికి ఒక్కటే చప్పుడు చేయదు. మురికి గుండా ప్రవాహం సాగినప్పుడే చప్పుడు పుడుతుంది.

మైకు సంకేతాన్ని పెంచే మొదటి దశలోని కంట్రోలు త్వరగా గరగరలాడడానికి కారణం కూడా ఇదే. అక్కడ దానిని పొటెన్షియోమీటరుగా కాక రెండు కాళ్ళ రియోస్టాటుగా వాడుతారు. ప్రవాహమంతా వైపరు గుండానే పోతుంది. వర్ధనం స్థూలంగా 10,000 ఓమ్‌లను కంట్రోలులోని ఓమ్‌లతో భాగించగా వచ్చే సంఖ్య అనుకొందాం. కంట్రోలు 10 ఓమ్‌ల వద్ద ఉంటే వర్ధనం వెయ్యి రెట్లు. అక్కడ స్పర్శ నిరోధం మరి 10 ఓమ్‌లు కలిస్తే వర్ధనం ఐదువందల రెట్లకు పడిపోతుంది. వాల్యూమ్ కంట్రోలులో వెయ్యి ఓమ్‌లు చేయని హాని ఇక్కడ పది ఓమ్‌లు చేస్తాయి.

నేరం ఒకరిది, నింద మరొకరిది

కొత్త కంట్రోలు గరగరలాడడానికి కారణం ఇప్పుడు ఊహించవచ్చు. ధ్వని సంకేతం ఏకాంతర విద్యుత్తు. దానిని మాత్రమే దాటనిచ్చి, ఏకముఖ విద్యుత్తును, అనగా డి.సి.ని, ఆపడానికి కంట్రోలుకు ముందు ఒక కెపాసిటరును ఉంచుతారు. కెపాసిటరు పాతబడితే దాని బంధకపు పొర బలహీనపడి డి.సి. కొద్దికొద్దిగా కారుతుంది.

వాల్వులతో పని చేసే ఒక యాంప్లిఫైయరును తీసుకొందాం. వాల్వు ఆనోడు వద్ద 250 వోల్టులున్నవి. కెపాసిటరు లీకేజి నిరోధం 5 కోట్ల ఓమ్‌లు. వినడానికి అది చాలా పెద్ద సంఖ్య. దాని తరువాత 5 లక్షల ఓమ్‌ల కంట్రోలు ఉన్నది. ఈ రెండూ 250 వోల్టులను పంచుకొన్నప్పుడు కంట్రోలు వాటాకు దాదాపు 2.5 వోల్టులు వస్తుంది. వైపరు జరిగినప్పుడు ఒక్క క్షణం పట్టీని విడిచి తిరిగి అంటుకొంటే, ఆ డి.సి. ఒక్క ఊపున ఎగిరి పడి తరువాతి దశలకు చేరుతుంది. ఎంత కొత్త కంట్రోలైనా పట్టీపై సూక్ష్మమైన ఎగుడుదిగుళ్ళు లేకుండా ఉండదు. డి.సి. లేనప్పుడు వినబడని ఆ లోపాలను డి.సి. బయటపెడుతుంది.

ట్రాన్సిస్టర్లు, ఐ.సి.లు గల మిక్సర్లలో వోల్టేజీలు చిన్నవే గాని న్యాయం మారదు. అక్కడి ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతాయి. ఒక్క మైక్రోయాంపియరు డి.సి. వైపరు గుండా పోతూ, స్పర్శ నిరోధం 1,000 ఓమ్‌ల మేరకు ఎగిరి పడితే ఒక మిల్లీవోల్టు చప్పుడు పుడుతుంది. మైకునుండి వచ్చే సంకేతమే కొద్ది మిల్లీవోల్టులని గుర్తు చేసుకొంటే ఇది ఎంత పెద్దదో తెలుస్తుంది.

పరీక్షించే క్రమం

మొదటి పరీక్షకు చెవి చాలు. మైకు మొదలైనవన్నీ ఊడదీసి, ఏ సంకేతమూ లేకుండా నాబ్‌ను తిప్పి వినవలెను. సంకేతం లేనప్పుడు కూడా గరగర బిగ్గరగా వినబడితే డి.సి.ని అనుమానించవలెను. పాట నడుస్తున్నప్పుడు మాత్రమే, అదీ ఏదో ఒక చోటనే, ధ్వని తెగుతూ వస్తూ ఉంటే తప్పు పట్టీలోనో వైపరులోనో ఉన్నదన్నమాట.

రెండవ పరీక్షకు మల్టీమీటరు కావలెను. యంత్రం నడుస్తుండగా కంట్రోలు పై కొనకు, భూమి తీగకు మధ్య డి.సి. వోల్టేజిని కొలవవలెను. వైపరు వద్ద కూడా కొలవవలెను. మామూలుగా అది సున్నకు చాలా దగ్గరగా ఉండాలి. ఈ పరీక్షను అనుభవజ్ఞులే చేయవలెను. వాల్వు యంత్రాలలోని వోల్టేజీలు ప్రాణాంతకమైనవి. తీగను ఊడదీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ఆవేశం నిలిచి ఉంటుంది. విద్యార్థులు వీటి జోలికి పోరాదు.

మూడవ పరీక్ష యంత్రాన్ని ఆపిన తరువాత. కంట్రోలు కాళ్ళను వలయంనుండి విడదీసి, రెండు కొనల మధ్య నిరోధాన్ని కొలవవలెను. ముద్రించిన విలువకు 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే. తరువాత వైపరుకు ఒక కొనకు మధ్య మీటరు పెట్టి నెమ్మదిగా తిప్పవలెను. ముల్లు సాఫీగా కదలాలి. ఇటువంటి పనికి అంకెలు చూపే మీటరుకంటె ముల్లుగల పాత మీటరే మేలు. ఒక్క క్షణపు తెగుడును కూడా ముల్లు ఉలికిపాటు పట్టి ఇస్తుంది.

శుభ్రపరచడం

డి.సి. లేదని తేలితే మొదట చేయవలసినది శుభ్రపరచడం. యంత్రాన్ని ఆపి, తీగ ఊడదీసి, ఎలక్ట్రానిక్ స్పర్శలకోసమే తయారైన క్లీనరును కాళ్ళ దగ్గరి సందులోనుండి కొద్దిగా మాత్రమే చిమ్మవలెను. తరువాత నాబ్‌ను ఈ కొననుండి ఆ కొనకు ముప్పై నలభైసార్లు తిప్పి, ద్రవం పూర్తిగా ఆరిన తరువాతనే విద్యుత్తును ఇవ్వవలెను. ఈ ద్రవాలలో చాలావాటికి మంట అంటుకొనే స్వభావం ఉన్నది.

తలుపు బందులకు వేసే నూనెలు, కిరోసిను, కొబ్బరినూనె పనికిరావు. ఒకటి రెండు రోజులు చప్పుడు తగ్గినట్లే ఉంటుంది. తరువాత ఆ జిడ్డు దుమ్మును పట్టి ఉంచి మొదటికంటె ఎక్కువ హాని చేస్తుంది. ప్లాస్టిక్ పట్టీల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఘాటైన ద్రావణులు పట్టీని చెడగొట్టవచ్చు. అంతేకాక, ఫేడరు జరిగేటప్పుడు వేలికి తగిలే ఆ మెత్తని బిగువు దాని కడ్డీలపై పూసిన చిక్కని గ్రీజువలన వచ్చినది. క్లీనరు దానిని కడిగివేస్తే ఫేడరు బిగువు కోల్పోయి గలగల జారుతుంది. తయారీదారు సూచించిన ద్రవాన్నే వాడడం క్షేమం.

శుభ్రపరచడం మురికిని తీసివేస్తుంది గాని పోయిన కర్బనాన్ని తిరిగి తేలేదు. కొద్ది వారాలలోనే గరగర మళ్ళీ మొదలైతే పట్టీ అరిగిందని నిశ్చయించుకొనవచ్చు.

మార్చవలసి వచ్చినప్పుడు

కొత్త కంట్రోలు ఓమ్‌ల విలువలో పాతదానికి సరిపోవాలని అందరికీ తెలుసు. వంపు కూడా సరిపోవాలని చాలామంది మరచిపోతారు. పైన ముద్రించిన అక్షరాన్ని గుడ్డిగా నమ్మరాదు. జపాను పద్ధతిలో ఏ అంటే సంవర్గమాన కంట్రోలు, బి అంటే సరళ కంట్రోలు. ఐరోపాలో తయారైన అనేక పాత కంట్రోళ్ళలో ఇది సరిగా తారుమారు. నమ్మదగినది మీటరు ఒక్కటే. కంట్రోలును సరిగా మధ్యకు తిప్పి వైపరునుండి రెండు కొనలకు కొలిస్తే, సరళమైనదానిలో రెండు వైపులా సమానంగా ఉంటుంది. సంవర్గమానమైనదానిలో ఒక వైపు పదవ వంతు ప్రాంతంలో ఉంటుంది.

స్టీరియో యంత్రాలలో ఒకే ఇరుసుపై రెండు పట్టీలుంటాయి. రెండూ అడుగడుగునా సరిపోలకపోతే ధ్వనిని తగ్గించినప్పుడు పాట ఒక ప్రక్కకు ఒరిగిపోతుంది. సంవర్గమానపు వంపును రెండు పూతలతో చేస్తారని పైన చెప్పుకొన్నాం. పూతలు కలిసే చోట రెండు పట్టీల మధ్య తేడా రావడం సులభం. ఇరుసు మందం కూడా చూడవలెను. 6 మిల్లీమీటర్ల ఇరుసు, పావు అంగుళపు ఇరుసు చూపుకు ఒకటిగానే ఉంటాయి గాని ఒకదాని నాబ్ రెండవదానికి సరిగా అమరదు.

పాత కాళ్ళనుండి సోల్డరును పూర్తిగా పీల్చిన తరువాతనే కంట్రోలును బోర్డునుండి తీయవలెను. బలవంతంగా లాగితే బోర్డుపైని రాగి గీతలు ఊడి వస్తాయి. అప్పుడు చిన్న మరమ్మతు పెద్దదవుతుంది. సరైన కొత్త ఫేడరు దొరకనప్పుడు, అరుదుగా వాడే మార్గంలోని ఫేడరును, అదే రకానిదైతే, ముఖ్యమైన మార్గంలోనికి మార్చి పని గడుపుకోవచ్చు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఒకటిన్నర వోల్టు ఘటం, లక్ష ఓమ్‌ల సరళ కంట్రోలు, పదివేల ఓమ్‌ల నిరోధం, అంకెల మల్టీమీటరు ఉంటే చాలు. ఘటాన్ని పట్టీ రెండు కొనలకు కలిపి, నాబ్‌ను మధ్యకు తిప్పి, వైపరుకు క్రింది కొనకు మధ్య కొలిస్తే 0.75 వోల్టు వస్తుంది. ఇప్పుడు ఆ రెండింటి మధ్యనే పదివేల ఓమ్‌ల నిరోధాన్ని కలపవలెను. క్రింది సగంలోని 50,000 ఓమ్‌లు, 10,000 ఓమ్‌లు సమాంతరంగా చేరి సుమారు 8,333 ఓమ్‌లవుతాయి. మొత్తం 58,333 ఓమ్‌లలో అది సరిగా ఏడవ వంతు. మీటరు సుమారు 0.21 వోల్టు చూపుతుంది. సరళ కంట్రోలు ఒక్క చిన్న నిరోధంతో సంవర్గమానానికి దగ్గరగా వంగినదన్నమాట.

ఈ ఉపాయానికి వెల లేకపోలేదు. ఇప్పుడు వైపరు గుండా మునుపు లేని ప్రవాహం పోతున్నది. కనుక దాని క్రింద మురికి చేరితే మునుపటికంటె త్వరగా వినబడుతుంది. పాత గరగరలాడే కంట్రోలు ఒకటి దొరికితే ఉపాధ్యాయుడు ఈ తేడాను కళ్ళకు కట్టినట్లు చూపించవచ్చు. ఆ చిన్న నిరోధం లేనప్పుడు, ఉన్నప్పుడు నాబ్‌ను నెమ్మదిగా తిప్పుతూ మీటరు అంకెలను గమనిస్తే సరి.

ఈనాటి డిజిటల్ మిక్సర్లలో ఫేడరు గుండా ధ్వని సంకేతం పోదు. దాని స్థానం మాత్రమే అంకెగా మారి కంప్యూటరుకు చేరుతుంది. అయినా వాటిలో చాలావాటి అడుగున పట్టీ, వైపరు ఉండనే ఉన్నవి. పట్టీ అరిగితే చెవికి గరగర వినబడకపోవచ్చు గాని, అంకె నిలకడ లేక గెంతుతుంది.

కాబట్టి యంత్రం గరగరలాడినప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న, ఏ భాగాన్ని మార్చాలి అనేది కాదు. వైపరు గుండా ఏ ప్రవాహం పోతున్నది, అది ఉండదగినదేనా అనేది. జాకీని తీగపై జరుపుతూ గాల్వనామీటరు ముల్లు సున్నకు రావాలని ఎదురుచూసే విద్యార్థి ఆ ప్రశ్నను అప్పుడే నేర్చుకొంటున్నాడు.